చదువు, చేవ్రాలు, జామీను

(మా పట్టణ గ్రంథాలయమున విద్యార్థులు, తలిదండ్రులు కూడిన సభలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠము)



పరీక్షాఫలితములు వెలువడినంతనే ప్రతి గృహమునను రెండు ప్రశ్నలు పుట్టును. పిల్లలేమి చదువవలె ననునది మొదటిది. దీనిని అందరును వీధి యరుగుమీదనే బిగ్గరగా మాటలాడుదురు. సొమ్మెక్కడిది యనునది రెండవది. దీనిని రాత్రి దీపమార్పిన పిదప భార్యాభర్తలు గుసగుసగా మాటలాడుకొందురు. మొదటి ప్రశ్నకు సలహా చెప్పువారు వీధికి నలుగురున్నారు. రెండవదానికి సలహా చెప్పువాడు తరచుగా అప్పిచ్చువాడే. గ్రంథాలయ కార్యకర్తలు ఈ రెండవ ప్రశ్ననే నేటి సభకు విషయముగా నిర్ణయించి, దస్తావేజులు చదువుటయే వృత్తిగాగల నన్ను మాటలాడుమని కోరినారు. నేను అర్థశాస్త్రవేత్తను గాను. ఒక చేవ్రాలు మనుష్యుని ఎంతదూరము కట్టివేయునో చూచినవాడను. ఆ యనుభవముతోడనే మాటలాడెదను.

మన దేశమున చదువునకు సొమ్ములేనివాడు చదువక మానినాడని చెప్పుట పూర్తిగా సత్యము కాదు. మన తాతలలో ననేకులు వారములు చేసికొని చదివినవారు. సోమవారమొక యింట, మంగళవారమొక యింట భోజనము. రాత్రి దేవాలయ మండపమున పండుకొనుట. వీధి దీపము క్రింద పాఠము. పిమ్మట వసతిగృహములు వెలసినవి. హైదరాబాదున 1918లో రాజాబహదూరు వెంకటరామారెడ్డిగారి పూనికతో వెలసిన రెడ్డి హాస్టలు వంటివి వేలమందికి నీడనిచ్చినవి. ఈ దాతల ఋణము మనము తీర్చుకొనలేనిది. కాని దానమునందొక లోపము కలదు. దాత మనసు మారిన చదువాగును. దాత గడప తొక్కుటకు కులము అడ్డువచ్చినవానికి వారములును లేవు, మండపమును లేదు.

దానమునకు పత్రము తోడైనప్పుడేమగునో ఒక్క యుదాహరణము చెప్పెదను. 1913లో బరోడా మహారాజు సయాజీరావు గాయక్వాడు నెలకు 11.50 పౌనుల వేతనమిచ్చి భీమరావు అంబేద్కరును అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు పంపెను. మహారాజు ఉదారుడు, అందు సందేహము లేదు. కాని చదువు ముగిసిన పిదప పదియేండ్లు బరోడా కొలువున పనిచేయుదునని అంబేద్కరుచేత ఒడంబడిక వ్రాయించుకొనిరి. ఆయన 1917లో తిరిగివచ్చి, మాట తప్పక కొలువునందు చేరెను. అంటరానివాడను కారణమున ఆ నగరమున ఆయనకు తలదాచుకొన ఇల్లు దొరకలేదు. ఉన్న యొక్క బసనుండియు వెడలగొట్టిరి. కొలువు విడిచి పోవలసివచ్చెను. సొమ్మిచ్చినవారు విద్యార్థి చేవ్రాలు తీసికొనిరి; కాని ఆ విద్యార్థి తన మాట నిలుపుకొనుటకు వలయు పరిస్థితిని తాము కల్పించెదమని తామెచ్చటను చేవ్రాలు చేయలేదు. మహాశయులారా! ఈ వాక్యమును జ్ఞాపకముంచుకొనుడు. నేడు నేను చెప్పబోవునదంతయు దీని వ్యాఖ్యానమే.

ఆ అంబేద్కరే రాజప్రతినిధి కార్యనిర్వాహక సభలో సభ్యుడై యుండిన కాలమున, 1944లో, షెడ్యూల్డు కులముల విద్యార్థులకు మెట్రిక్యులేషను పై చదువులకు ప్రభుత్వ వేతనములు ఆరంభమైనవి. అది దానము కాదు, ప్రభుత్వపు పద్దు. దాత దయనుండి బొక్కసపు బాధ్యతకు చదువు మారిన ఘట్టమది. ఆ పథకము నేటికిని జీవించియున్నది. 2020 డిసెంబరున చేసిన నిర్ణయము ననుసరించి దాని వ్యయమున 60 వంతులు కేంద్రమును, 40 వంతులు రాష్ట్రమును భరింపవలెను. కుటుంబ వార్షికాదాయము 2,50,000 రూపాయలకు మించరాదు.

ఇప్పుడు మన గడపలోనికి వత్తము. నేడు చదువునకు వచ్చు సొమ్ము మూడు విధములు. ఒకటి వేతనము: తిరిగి ఈయనక్కరలేనిది. రెండవది ప్రతిపూర్తి: మీ రుసుమును ప్రభుత్వము కళాశాలకు చెల్లించెదనని చెప్పునది. మూడవది ఋణము: వడ్డీతో తిరిగి యీయవలసినది. ఈ మూడింటిని ఒకే సంచిలో కలిపి "గవర్నమెంటు సాయము" అనుటవలన మన యిండ్లలో గొప్ప భ్రాంతి కలుగుచున్నది. వేతనము హక్కు, ప్రతిపూర్తి వాగ్దానము, ఋణము కట్టుబాటు. హక్కును అడుగవలెను, వాగ్దానమును వెంటాడవలెను, కట్టుబాటును సంతకమునకు ముందు చదువవలెను.

మొదట వాగ్దానమును గూర్చి. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2008లో రుసుముల ప్రతిపూర్తి పథకము విస్తరింపబడినది. కూలివాని కుమారుడు ఇంజనీరగుట, చేనేతవాని కుమార్తె వైద్యురాలగుట దీనివలన మన కన్నులయెదుట జరిగినది. దీనిని తక్కువచేసి మాటలాడువారితో నేను ఏకీభవింపను. 2014లో రాష్ట్రము విడిపోయిన పిదపను రెండుచోటులను పథకము నిలిచినది. పేరులు మారినవి. 2021 మొదలుకొని కొన్నియేండ్లు ఆంధ్రప్రదేశమున సొమ్ము తల్లుల ఖాతాలలో పడినది. పిదప కళాశాలలకే ఇచ్చు పద్ధతి మరల వచ్చినది. ఏ పేరున నున్నను, ఏ ఖాతాలో పడినను, రోగమొక్కటే: బకాయి. 2025లో తెలంగాణమునందలి ప్రైవేటు కళాశాలలు బకాయిల నిమిత్తము తలుపులు మూసికొన్నంతవరకు వచ్చినది.

బకాయి యనగా బొక్కసమున ఒక అంకె యని తలంపకుడు. ప్రభుత్వము కళాశాలకు ఈయవలసిన సొమ్ము ఈయకున్న, కళాశాల విద్యార్థి యొద్దకు వచ్చును. "మీ రుసుము రాలేదు, నీవే కట్టుము, వచ్చినప్పుడు తిరిగి యిచ్చెదము" అనును. కట్టలేనివాని పట్టా, మార్కుల పట్టిక, బదిలీపత్రము బీరువాలో నుండిపోవును. ఒక తల్లి నాయొద్దకు వచ్చినది. కుమార్తెకు ఉద్యోగము వచ్చినది. పది దినములలో పట్టా చూపవలెను. కళాశాలవారు రెండేండ్ల రుసుము అడుగుచున్నారు. ఆమె మెడలోని పుస్తెలతాడు అమ్మి కట్టి, రసీదు నా చేతికిచ్చి, "బాబూ, ఈ సొమ్ము గవర్నమెంటువారు నాకు తిరిగి యిత్తురా?" అని యడిగినది. ఆమెను ఎవ్వరును అప్పుపత్రము వ్రాయుమని అడుగలేదు. అయినను ఆ తల్లి ప్రభుత్వమునకు వడ్డీలేని అప్పిచ్చినది. మనము ప్రభుత్వము బీదలకు సాయముచేయుచున్నదని చెప్పుకొనుచుండగా, బీదలే ప్రభుత్వమునకు సాయము చేయుచున్నారు.

పట్టాను పట్టియుంచుట న్యాయమా? 2018లో విశ్వవిద్యాలయ ధననిధి సంఘమువారు అసలు పత్రములను విద్యాసంస్థలు తమయొద్ద నుంచుకొనరాదని ప్రకటించియున్నారు. మా వృత్తి విషయమొకటి చెప్పెదను. కక్షిదారు ఫీజు ఈయకున్నను అతని కాగితముల కట్టను న్యాయవాది పట్టియుంచరాదని సుప్రీముకోర్టు 2000వ సంవత్సరమున తీర్పు చెప్పినది. మా ఫీజునకు మేము చేయరాని పనిని, విద్యార్థి బాకీపడని సొమ్మునకు కళాశాల చేయుట ఏ ధర్మము? కావున పత్రము నిరాకరింపబడినయెడల నోటిమాటతో తిరిగిరాకుడు. వ్రాతమూలకమైన యర్జీ యిచ్చి, అందినట్లు ముద్ర వేయించుకొనుడు. దాని ప్రతిని విశ్వవిద్యాలయమునకును, జిల్లా సంక్షేమాధికారికిని పంపుడు. కట్టక తప్పనిచో రసీదుపై "ప్రతిపూర్తి రావలసియున్నది" అని వ్రాయించుకొనుడు. ఆ నాలుగు మాటలే రేపు మీ సాక్ష్యము.

ఇక ఋణము. 2001లో బ్యాంకుల సంఘము విద్యాఋణములకొక నమూనా పథకము నేర్పరచెను. దాని ముఖ్యసూత్రములివి. 4 లక్షల రూపాయల వరకు తాకట్టు అడుగరాదు. తల్లిగాని తండ్రిగాని విద్యార్థితోపాటు సంతకము చేయవలెను. 7.50 లక్షలు మించిన స్థిరాస్తియో, తత్సమానమైన హామీయో అడుగుదురు. ఈ నడుమ మొత్తములకు 2015నుండి ప్రభుత్వ హామీనిధి యొకటి యున్నది. చదువుకాలమును, ఆపైన నొక సంవత్సరమును అసలు కట్టనక్కరలేదు. పిమ్మట 15 ఏండ్లవరకు వాయిదాలు పెట్టుకొనవచ్చును.

"అసలు కట్టనక్కరలేదు" అను మాటను "వడ్డీ పెరుగదు" అని మనవారు చదువుకొందురు. ఇదియే మొదటి గుంట. లెక్క చూడుడు. నాలుగేండ్ల చదువునకు ఏటేట మొదట లక్ష చొప్పున 4 లక్షలు తీసికొంటిరి. వడ్డీ నూటికి 10, బారువడ్డీ యనుకొందము. అయిదేండ్లు గడచుసరికి మొదటి లక్షకు 50,000, రెండవదానికి 40,000, మూడవదానికి 30,000, నాలుగవదానికి 20,000; వెరసి 1,40,000. మొదటి వాయిదానాటికి బాకీ 4 లక్షలు కాదు, 5,40,000. దీనిని పదియేండ్లలో తీర్పవలెనన్న నెలకు ఇంచుమించు 7,100 రూపాయలు. మొత్తము కట్టునది 8,56,000. చదువుకాలముననే ఏటేట వడ్డీ చెల్లించిన, మొత్తము 7,74,000తో తీరును. కుటుంబమున నెలకు రెండువేలు మిగులునట్లున్న వడ్డీ వెంటవెంటనే కట్టుట మేలని దీనివలన తెలియుచున్నది.

ఆ 1,40,000ను ప్రభుత్వమే భరించు పథకము 2009నుండి కలదు. తలిదండ్రుల వార్షికాదాయము 4,50,000 మించనివారికి, అర్హతగల సంస్థలలో వృత్తి, సాంకేతిక విద్యలు చదువువారికి అది వర్తించును. దీనిని బ్యాంకువారు తమంతట చెప్పుదురని యెదురుచూడకుడు. ఆదాయ ధ్రువపత్రము ఋణపు దరఖాస్తుతోడనే యిచ్చి, వడ్డీరాయితీ కావలెనని వ్రాసి యడుగుడు.

2024 నవంబరున కేంద్రప్రభుత్వము ప్రధానమంత్రి విద్యాలక్ష్మి యను మరియొక పథకమును ఆమోదించినది. శ్రేణిలో పైనున్న, ఆమోదమునాటికి 860గా నుండిన విద్యాసంస్థలలో ప్రవేశము దొరకినవారికి తాకట్టును, జామీనును లేకుండ ఋణము. 8 లక్షల లోపు ఆదాయముగలవారికి 10 లక్షల ఋణము వరకు నూటికి 3 వంతుల వడ్డీరాయితీ, ఏటికి లక్షమందికి. ఇది మంచిపని. కాని ఈ సభలో కూర్చున్నవారిలో ఆ సంస్థలలో చేరువారెందరు? మండలకేంద్రపు కళాశాలలో చదువువాడే మిక్కిలి బీదవాడు. వానికే జామీనుదారు దొరకడు. ఎత్తున నున్న చెట్టునకు నీరు కట్టి, పల్లమునందలి పైరును వర్షమునకు వదలినట్లున్నది.

ఇచ్చట మరియొక భ్రాంతిని తొలగింపవలెను. 7.50 లక్షల వరకు ఋణమున 75 వంతులకు ప్రభుత్వము హామీ యని వినుటతోడనే, మనము కట్టకున్నను ప్రభుత్వము కట్టునని కొందరు తలంచుచున్నారు. ఆ హామీ బ్యాంకునకు, మీకు కాదు. బ్యాంకునకు నష్టపూర్తి లభించినను మీ బాకీ మీదనే యుండును.

ఇక చేవ్రాలు. తండ్రి సహఋణగ్రహీతగా సంతకము చేసిన, 1872నాటి కాంట్రాక్టు చట్టము 43వ విభాగము ప్రకారము బ్యాంకు మొత్తము బాకీని అతనినుండియే రాబట్టుకొనవచ్చును. మేనమామ జామీనుగా సంతకము చేసిన, 128వ విభాగము ప్రకారము, పత్రమున వేరువిధముగా వ్రాసికొన్ననే తప్ప, అతని బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సమానము. "ఊరక సాక్షి సంతకమే బావా" అని చేయించుకొను సంతకములు ఎన్నియో జామీను సంతకములే. తెలుగువారి యిండ్లలో చుట్టరికములు తెగిపోవుటకు పొలముగట్ల తరువాత ఇదియే కారణమని నా యనుభవము. జామీనుదారు కట్టినయెడల, బ్యాంకునకుగల హక్కులన్నియు 140వ విభాగము ప్రకారము అతనికి సంక్రమించును. దీనిని జామీనుదారును ఎరుగవలెను, మేనల్లుడును ఎరుగవలెను.

మరియొక విశేషము. పదునేడేండ్ల విద్యార్థి చేసిన కాంట్రాక్టు చెల్లదని ప్రీవీకౌన్సిలు 1903లోనే తేల్చినది. అందుచే అట్టి విద్యార్థి విషయమున తలిదండ్రులచేత పత్రములు వ్రాయించుకొని, పదునెనిమిది నిండిన పిమ్మట విద్యార్థిచేత సమ్మతిపత్రము తీసికొందురు. అనగా ఆ పత్రము వచ్చువరకు భారమంతయు తలిదండ్రులదే. నాయనా! నీ తండ్రి ఆ దినమున బ్యాంకులో నీకొరకు వ్రాసినది నీ పేరు కాదు, తన పేరు.

కష్టకాలము వచ్చి వాయిదా తప్పినచో ఏమి చేయవలెను? బాకీ తప్పుట సివిలు విషయము. అందు మోసము లేనంతవరకు అది నేరము కాదు. కావున పోలీసుల పేరు చెప్పి బెదరించువానికి భయపడకుడు. ఉదయము 8కి ముందును, సాయంకాలము 7కు పిమ్మటను వసూలుదారులు ఫోను చేయరాదని రిజర్వుబ్యాంకు 2022లో ఆజ్ఞాపించినది. ఇల్లు తాకట్టుపెట్టియున్నచో 2002నాటి చట్టము ప్రకారము 60 దినముల నోటీసు రావలెను. ఆ నోటీసును దేవుని పటము వెనుక దాచుటకంటె పెద్ద తప్పులేదు. గడువు లోపల వ్రాతమూలకముగా ఆక్షేపణ పంపినయెడల బ్యాంకు 15 దినములలో జవాబీయవలెను. ఉద్యోగము రాలేదని ముందుగనే పోయి చెప్పిన, వాయిదాలు సవరించుటకు అవకాశముండును. విద్యార్థి పాత బాకీ లెక్క చెడియున్నదను కారణముచే ఋణమే నిరాకరింపబడినచో, అట్టి లెక్క యొక్కటే విద్యాఋణమును నిరాకరించుటకు చాలదని 2023లో కేరళ హైకోర్టు చెప్పియున్నదని జ్ఞాపకముంచుకొనుడు.

ఇతరదేశములు ఏమి చేసినవో చూతము. అమెరికాలో 1965లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఉన్నతవిద్యాచట్టముపై తాను చదివిన టెక్సాసు కళాశాలలోనే సంతకము చేసెను. వేతనములును, ప్రభుత్వ హామీగల ఋణములును ఆ చట్టమునుండి పెరిగినవి. కాని 1976లో విద్యాఋణమును దివాలాలో రద్దుచేయుటకు అయిదేండ్ల యడ్డు పెట్టిరి. 1998లో ఏ గడువును లేకుండ, దుర్భరకష్టము ఋజువైననే తప్ప రద్దుకాదనిరి. వ్యాపారి దివాలా తీయవచ్చును, విద్యార్థి తీయరాదని దీని సారాంశము. ఆస్ట్రేలియా 1989లో వేరుదారి పట్టెను: చదివినవాని యాదాయము ఒక మట్టము దాటిననే, పన్నుతోపాటు వాయిదా వసూలగును, దాటకున్న అడుగరు. ఇంగ్లండును 1998నుండి ఇట్టి పద్ధతినే పట్టినది. అయితే అచ్చట రుసుము 1998లో 1,000 పౌనులుండి 2012నాటికి 9,000 అయ్యెను. తీర్చుట సులభమైనదను నెపమున ధర పెంచిన, సులభతయే ఉరియగునని దీనివలన నేర్చుకొనవలెను.

మన పిల్లలనేకులు అమెరికా పోవుచున్నారు. విద్యార్థి వీసాపై పోవువారికి ఆ దేశపు ప్రభుత్వ విద్యాసాయము వర్తింపదు. కావున ఇచ్చటి పొలము, ఇచ్చటి ఇల్లు తాకట్టుపడును. ఋణము రూపాయలలో, ఖర్చు డాలర్లలో, తీర్చుట ఇంకను రాని ఉద్యోగముతో. పోవలదని నేననను. ఉద్యోగము ఒక్క సంవత్సరము ఆలస్యమైన వాయిదా ఎవరు కట్టుదురు అను ప్రశ్నకు జవాబు కాగితముమీద వ్రాసికొని పొండని మాత్రమే చెప్పుచున్నాను.

మహాశయులారా! ప్రభుత్వమును మనమడుగవలసినవి మూడు. ప్రతిపూర్తి సొమ్ము ఆ విద్యాసంవత్సరము ముగియకముందే చెల్లింపవలెను; ఆలస్యమైన వడ్డీతో చెల్లింపవలెను. విద్యార్థి ఒక దినము ఆలస్యమైన వడ్డీ యీయవలసియుండగా, ప్రభుత్వము రెండేండ్లు ఆలస్యమైనను ఏమియు ఈయకుండుట సమానధర్మము కాదు. రెండవది: వాయిదా ఆదాయమును బట్టి యుండవలెను, జీతములేని నెలలో బాకీ పెరుగరాదు. మూడవది: తాకట్టులేని ఋణము శ్రేణిపట్టికలోని సంస్థలకే కాక, ప్రభుత్వ గుర్తింపుగల ప్రతి కళాశాల విద్యార్థికిని అందవలెను. ప్రభుత్వము గుర్తించి తెరవనిచ్చిన కళాశాలను, ఋణమీయవలసివచ్చినప్పుడు నమ్మననుట ఎట్లు పొసగును?

విద్యార్థులనొకటి యడిగెదను. శక్తియుండియు ఎగవేయువాడు బ్యాంకును మోసగించితి ననుకొనును. కాని అతని తరువాత అదే బల్లయెదుట నిలుచు పేదపిల్లకు "మీ యూరివారు కట్టరు" అను జవాబును అతడే వ్రాసిపెట్టినవాడగును. తీర్పగలిగినప్పుడు తీర్చుట ఆ పిల్లకు మీరు చేయు సాయము.

ఈ గ్రంథాలయ కార్యకర్తలము ఒక నిశ్చయము చేసికొన్నాము. ప్రవేశములు ముగియువరకు ప్రతి ఆదివారము ఉదయము ఇచ్చట నలుగురము కూర్చుందుము. వేతనపు దరఖాస్తులు, ఋణపు దరఖాస్తులు, ఆదాయపత్రములు సరిచూచి పంపుదుము. ఏ దస్తావేజునైనను సంతకమునకు ముందు తెండు; తెలుగున చదివి చెప్పుదుము. ఇందులకు రుసుము లేదు. సంతకమైన పిదప తెచ్చినను చదువుదుము గాని, అప్పుడు మేము చేయగలది తక్కువ.

మన తాతలకు వీధిదీపముండెను, వారములుండెను. మన తండ్రులకు వేతనము వచ్చెను. మన పిల్లల చేతికి కలముకంటె ముందు అప్పుపత్రము ఈయవలసివచ్చినదేని, ఆ పత్రమున రెండవవైపున ప్రభుత్వముచేతను చేవ్రాలు చేయించుట మన తరమువారి పని.